పసుపుబారిన కరివేపాకు, ముడుచుకున్న మిరప: మిద్దెతోట సందేహాలకు సమాధానం

ప్రశ్న: మాది హైదరాబాదు, వనస్థలిపురం. మేడ మీద ఇరవై దాకా కుండీలు, హాలులో ఒక మనీప్లాంటు ఉన్నాయి. కరివేపాకు కొత్తగా వేసే చిగురంతా పసుపు రంగులో వస్తోంది, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. మందారానికి కొమ్మల చివర తెల్లటి దూదిలాంటిది పట్టి, మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయి. మిరప ఆకులు అంచులు కిందికి ముడుచుకుని సన్నబడ్డాయి. మనీప్లాంటు అడుగు ఆకులు ఒక్కొక్కటే పండిపోతున్నాయి, చివర్లు ఎండుతున్నాయి, చుట్టూ చిన్న నల్ల ఈగలు తిరుగుతున్నాయి. వీడియోల్లో చూసి వేపనూనె, ఎప్సమ్ సాల్ట్, కోడిగుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద వాడాను, నెలకొకసారి గుప్పెడు డీఏపీ వేస్తున్నాను. ఎరువుల కొట్టులో ఒక మందు సీసా ఇచ్చారు, అది ఇంకా విప్పలేదు. నీళ్లు వృథా చేయడం ఇష్టం లేక ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటినే మొక్కలకు పోస్తున్నాను. మాది బోరు నీరు. కుండీల అంచుల మీద తెల్లటి పొర కడుతోంది. అన్నింటికీ పనిచేసే మందు ఒకటి ఉంటే చెప్పగలరు.

సమాధానం: అమ్మా, అన్నింటికీ పనిచేసే మందు లేదు. అయితే మీ మొక్కల కష్టాల్లో సగానికి పైగా ఒకే చోట మొదలవుతున్నాయి. దాని ఆచూకీ మీ ఉత్తరం చివర, ఏదో మాటవరసకు అన్నట్టుగా రాసిన ఆర్‌ఓ నీరు, తెల్లటి పొర అనే రెండు విషయాల్లో ఉంది. మందారపు పురుగుకూ మిరప ముడతకూ విడిగా చికిత్స కావాలి. మనీప్లాంటుది చాలావరకు నీళ్లు ఎక్కువైన బాధ. కరివేపాకు సంగతి మాత్రం పూర్తిగా నీటిదీ, ఆ నీటికి మీరు తోడుగా వేసిన పదార్థాలదీ కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

మొక్కకు పసుపు కనిపించినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న, అది ముదురు ఆకులో మొదలైందా, లేత ఆకులో మొదలైందా అన్నది. నత్రజని, మెగ్నీషియం, పొటాష్ వంటి పోషకాలను మొక్క అవసరమైనప్పుడు ముదురు ఆకుల నుంచి తీసి చిగురుకు తరలించుకోగలదు. అందువల్ల వాటి కొరత ముందుగా కింది ఆకుల్లో కనబడుతుంది. ఇనుమును అలా తరలించడం దానికి సాధ్యం కాదు. ఒకసారి ఆకులో చేరిన ఇనుము అక్కడే ఉండిపోతుంది, వేర్లు కొత్తగా తీసుకోలేకపోతే చిగురు పాలిపోతుంది. ఈనెలు పచ్చగా, వాటి మధ్య భాగం పసుపుగా ఉండి, అది లేత ఆకుల్లోనే కనిపిస్తుంటే ఇనుప ధాతువు లోపమని చాలావరకు ధైర్యంగా చెప్పవచ్చు. మీ కరివేపాకు వర్ణన అచ్చంగా ఇదే. అదే పసుపు కింది ఆకుల ఈనెల మధ్య ఉండి ఉంటే మెగ్నీషియం గురించి, ఆకు మొత్తం సమంగా వెలిసిపోయి ఉంటే నత్రజని గురించి ఆలోచించేవాళ్లం.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మన కుండీల్లో నింపే ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చేదే ఇనుము. మట్టిలో ఇంత ఇనుము ఉండగా మొక్కకు కొరత ఏమిటని మీరు అడగవచ్చు. ఇది గాదె నిండా ధాన్యం ఉండి తాళంచెవి పోయినట్లు ఉంటుంది. మట్టి ఉదజని సూచిక, అంటే పీహెచ్, సుమారు 7.5 దాటినకొద్దీ ఇనుము నీటిలో కరగని రూపంలోకి మారిపోయి వేర్లకు అందదు. కఠినమైన బోరు నీటిలో ఉండే బైకార్బనేట్లు రోజురోజుకూ మట్టిని ఆ క్షార గుణం వైపే నెడుతుంటాయి.

ఆర్‌ఓ యంత్రం ఈ పరిస్థితిని మరింత ముదురుస్తుంది. లోపలికి వెళ్లిన నీటిలో సగం తాగునీరుగా వచ్చిందనుకుంటే, ఆ సగంలో ఉండవలసిన లవణాలు కూడా దాదాపు మొత్తం మిగిలిన సగంలోకే చేరతాయి కనుక, వదిలేసే నీటిలో వాటి సాంద్రత ఇంచుమించు రెట్టింపు అవుతుంది. యంత్రం ఎక్కువ నీటిని వదిలేసే రకమైతే అంత పెరగదు కానీ, ఎంతో కొంత పెరగడం మాత్రం తప్పదు. నేలలో నాటిన చెట్టుకైతే ఆ లవణాలు వానకు లోతుకు దిగిపోతాయి. కుండీలో అవి ఎక్కడికీ పోలేవు, నీరు ఆవిరై అవి మాత్రం మిగిలిపోతాయి. అంచుల మీద మీరు చూస్తున్న తెల్లటి పొర అదే. నీటిని పొదుపు చేయాలన్న మీ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆ నీటిని నేల తుడవడానికి, మరుగుదొడ్డిలో పోయడానికి వాడుకోండి. కుండీలకు మాత్రం పోయవద్దు.

ఇక మీరు వేసినవి. కోడిగుడ్డు పెంకు అంటే దాదాపుగా సున్నపురాయి పదార్థమే. పులుపు గుణం ఉన్న నేలకు అది మేలు చేస్తుంది, మీ కుండీకి చేయదు. కట్టెల బూడిద అంతకంటే వేగంగా క్షార గుణాన్ని పెంచుతుంది. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియాన్ని ఇస్తుంది కానీ కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం ఇదివరకే దండిగా ఉంటాయి. డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం ఉంటాయి. ఎకరాల లెక్కన వేసే ఎరువును కుండీకి గుప్పెడు చొప్పున నెలనెలా వేస్తే, పేరుకున్న భాస్వరం ఇనుమును, జింకును వేర్లకు అందకుండా పట్టి ఉంచుతుంది. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ విషం కాదు, కానీ పెంకులు, బూడిద, డీఏపీ ఒక్కొక్కటీ ఒక్కో దారిన మీ కరివేపాకును ఒకే గుంటలోకి తోశాయి. పసుపు కనబడగానే ఏదో ఒకటి వేయాలన్న తొందరే ఇళ్లలో మొక్కలను ఎక్కువగా దెబ్బతీస్తోందని నా అభిప్రాయం.

ఇప్పుడు చేయవలసింది ముందుగా మట్టిని కడగడం. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోలేదని చూసుకుని, రెండు ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, పైన పేరుకున్న తెల్లటి పొరను అంగుళం మట్టితో సహా గీకి పారేయండి. తరువాత కుండీ పరిమాణానికి రెండింతల మంచినీటిని నిదానంగా, ఆగి ఆగి పోసి, అడుగు నుంచి పూర్తిగా కారిపోనివ్వండి. 12 అంగుళాల కుండీకి సుమారు 25 లీటర్లు పడుతుంది. దీనికి బోరు నీరు కాకుండా నల్లా నీరు గానీ, పట్టి ఉంచిన వాన నీరు గానీ వాడాలి. నల్లా నీటిలోని క్లోరిన్ గురించి భయపడనక్కరలేదు. అంత నీరు దొరకడం కష్టమైతే కరివేపాకుకూ, ఆకు పాలిపోతున్న ఇతర కుండీలకూ మాత్రమే చేసి, మిగిలినవాటిని వానలకు వదిలేయండి. డీఏపీ, బూడిద, పెంకులు ఈ వానాకాలం ముగిసేవరకు ముట్టుకోవద్దు.

కడిగిన వారం తరువాత లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. కలిపిన ద్రావణాన్ని నిలవ ఉంచకూడదు, అప్పటికప్పుడే వాడాలి. మొదట ఒక రెమ్మ మీద చల్లి మర్నాడు చూసి, మాడకపోతేనే మొక్క అంతటికీ చల్లండి. పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు సరిపోతుంది. వంటకు కావలసిన ఆకును ముందే కోసి పెట్టుకుని, చల్లిన తరువాత వారం పాటు కోయకుండా ఉండి, ఆ తరువాత బాగా కడిగి వాడుకోవడం మంచిది. అన్నభేది గచ్చు మీద పడితే తుప్పు మరక పడుతుంది, అది వదలడం కష్టం కనుక కింద పాత గోనె పరవండి. మట్టిలో వేయాలనుకుంటే అన్నభేది ఆ క్షారంలో మళ్లీ బిగుసుకుపోతుంది. అక్కడ ఈడీడీహెచ్‌ఏ రకం చీలేటెడ్ ఇనుము, అంటే బిగుసుకుపోకుండా మరో పదార్థం పట్టి ఉంచిన ఇనుము, పనిచేస్తుంది. అంగడిలో చవకగా దొరికే ఈడీటీఏ రకం క్షార నేలలో అంతగా నిలవదు, డబ్బా మీద చదివి కొనండి.

ఇప్పటికే పసుపుబారిన ముదురు ఆకులు పూర్తిగా పచ్చబడకపోవచ్చు. మందు పనిచేసిందా లేదా అన్నది తరువాత వచ్చే చిగురును చూసి తేల్చుకోవాలి. కరివేపాకుకు పుల్లటి మజ్జిగ పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. పులుపు గుణం వల్ల దానిలో కొంత అర్థం లేకపోలేదు, కానీ కఠినమైన బోరు నీటి ముందు ఆ కాస్త పులుపు నిలిచేది కాదు. పైగా ఉప్పు వేసిన మజ్జిగ అయితే మళ్లీ మొదటికే వస్తుంది. కుండీ అడుగు నుంచి వేర్లు బయటికి వస్తుంటే దానిని పెద్ద కుండీలోకి మార్చాలి. రోహిణి కార్తె ఎండల్లో ఆ పని పెట్టుకోకుండా మృగశిర చినుకులు పడ్డాక మార్చండి. గోదావరి ప్రాంతంలోని కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలకు తరచూ వేర్ల చుట్టూ ఒండ్రుమట్టి ముద్ద గట్టిగా ఉంటుంది. దానిని అలాగే తేలికైన కొబ్బరిపొట్టు మధ్య పెడితే, పైన తడిగా కనిపిస్తూనే లోపలి ముద్ద ఎండిపోతుంది. అంచులను వేళ్లతో విదిలించి నాటడం అవసరం.

మందారానికి పట్టిన దూది పిండినల్లి. అది రసం పీల్చి తీయటి జిగురును విసర్జిస్తుంది, ఆ జిగురు మీద నల్లటి మసి పెరుగుతుంది, జిగురు కోసం చీమలు వస్తాయి. చీమలు పిండినల్లిని కాపాడతాయి, దాని శత్రు పురుగులను దగ్గరకు రానివ్వవు. కాబట్టి మందారం మీద చీమల బారు కనబడితే, మందు చల్లడానికి ముందు ఆ బారును తెంచాలి. కుండీని గోడకూ ఇతర కుండీలకూ తగలకుండా జరిపి, స్టాండు మీద ఉంచి, ఆ స్టాండు కాళ్లను నీళ్లు పోసిన మూకుళ్లలో పెట్టడం తేలికైన ఉపాయం, కాకపోతే దోమలు పెరగకుండా ఆ నీటిని రెండు రోజులకొకసారి మార్చాలి.

ముడుచుకుపోయి గిడసబారిన కొమ్మ చివరలను కత్తిరించి, సంచిలో మూటకట్టి పారేయండి, ఎరువు గుంటలో వేయవద్దు. మిగిలిన కొమ్మల మీద నీటిని గొట్టంతో కాస్త వేగంగా కొడితే చాలా పురుగులు రాలిపోతాయి. కణుపుల్లో దాగినవాటిని స్పిరిటులో ముంచిన దూదితో తుడవండి. ఆ మర్నాటి సాయంత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను, అది నీటిలో కలవడానికి సరిపడా కుంకుడుకాయ రసంతో బాగా గిలకొట్టి, ఆకుల అడుగు భాగం తడిసేలా చల్లండి. బట్టల సబ్బు పొడి ఆకులను మాడుస్తుంది, దానిని వాడవద్దు. మీరు వేపనూనె ఇదివరకే వాడారు గానీ ఎలా, ఎన్నిసార్లు అన్నది రాయలేదు. సాధారణంగా అది విఫలమయ్యేది రెండు కారణాల వల్ల. నూనె నీటిలో కలవకుండా పైన తేలడం ఒకటి, ఒక్కసారి చల్లి వదిలేయడం రెండోది. గుడ్ల మీద ఉన్న మైనపు దూదిని మందు దాటలేదు, పిల్లలు బయటికి వచ్చినప్పుడే దొరుకుతాయి, కనుక వారానికొకసారి చొప్పున కనీసం మూడుసార్లు చల్లాలి.

ఒక హెచ్చరిక. పిండినల్లి గుంపుల మధ్య దానికంటే పెద్దగా, తెల్లటి కుచ్చులతో, చురుగ్గా నడిచే పురుగు కనిపిస్తే దానిని చంపకండి. అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల. క్రిప్టోలీమస్ అనే ఈ రకాన్ని ఆస్ట్రేలియా నుంచి 1898లోనే మన దేశానికి తెచ్చారు. అవి కనబడితే నూనె చల్లడం ఆపి, ఓ పది రోజులు వాటికి వదిలిపెట్టండి. మొగ్గలు రాలడానికి పిండినల్లి ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఎండాకాలంలో ఒకరోజు ఎండగట్టి మరుసటి రోజు నీరు ముంచెత్తినా మందారం మొగ్గలు రాలుస్తుంది. డీఏపీలోని నత్రజనితో వచ్చే మెత్తటి చిగురు కూడా రసం పీల్చే పురుగులను పిలుస్తుంది.

మిరప విషయంలో మీరు ముడత దిశను గమనించి రాయడం చాలా మేలు చేసింది, చాలామంది ఆకు ముడత అని మాత్రమే రాస్తారు. అంచులు పైకి లేచి దోనెలా మారితే తామర పురుగులు, మన రైతులు చెప్పే పై ముడత. అంచులు కిందికి తిరిగి, ఆకు సన్నబడి, కాడ సాగినట్టుంటే తెల్లనల్లి, అది కింది ముడత. మీది రెండోది. ఈ నల్లి కంటికి ఆనదు. చిగురుటాకు అడుగున భూతద్దంతో చూస్తే కదులుతూ కనబడవచ్చు. నల్లి పురుగు జాతిది కాదు, సాలీడుకు దగ్గరి బంధువు, అందువల్ల పురుగుల కోసం తయారైన చాలా మందులు దీనిమీద పనిచేయవు. బాగా ముడుచుకున్న చివరలను తుంచేసి, నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు 3 గ్రాముల చొప్పున ఆకు అడుగున తగిలేలా చల్లండి. అయితే వేపనూనె చల్లిన మొక్క మీద రెండు వారాలలోపు గంధకం పడితే ఆకు మాడుతుంది. ఎండ 32 డిగ్రీలు దాటే వేళ చల్లినా అదే జరుగుతుంది. మీరు మిరపకు నూనె ఎప్పుడు కొట్టారో చూసుకుని ఆ గడువు దాటాకే, చల్లటి సాయంత్రం మొదలుపెట్టండి.

గుంటూరు, ఖమ్మం ప్రాంతాల్లో 2021లో మిరప తోటలను కుదేలు చేసిన నల్ల తామర పురుగు గురించి విని ఉంటారు. అది పువ్వుల్లో గుంపులుగా చేరుతుంది. మీ మొక్క పూతను తెల్లకాగితం మీద దులిపి చూడండి, సన్నటి నల్లటి గీతల్లాంటివి పాకకపోతే ఆ భయం అక్కరలేదు. ఆకులు పసుపు పచ్చ మచ్చలతో చిన్నబోయి, మొక్క గుబురుగా కుంచించుకుపోతే మాత్రం అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి మందు లేదు, పక్క మొక్కల కోసమైనా పీకేయాలి.

హాలులోని మనీప్లాంటుకు రోజూ నీళ్లు పోస్తున్నారని నా అనుమానం. ఆ చిన్న నల్ల ఈగలు ఎప్పుడూ తడి ఆరని మట్టిలోనే గుడ్లు పెడతాయి, అవే సాక్ష్యం. అడుగు ఆకు ఎప్పుడో ఒకటి పండితే అది వయసు, వరుసగా పండుతుంటే వేర్లకు గాలి ఆడడం లేదని అర్థం. మట్టి తడిగా ఉండగానే మొక్క వాడినట్టు తల వేలాడేస్తే చాలామంది దాహమని ఇంకా నీళ్లు పోస్తారు. నిజానికి కుళ్లిన వేరు నీటిని పీల్చలేక మొక్క వాడుతుంది, పోసిన ప్రతి చెంబూ దానిని మరింత కుళ్లబెడుతుంది. కుండీని వంచి మొక్కను మట్టితో సహా బయటికి తీయండి. వేర్లు తెల్లగా, గట్టిగా ఉంటే పది రోజులు నీళ్లు తగ్గించి కిటికీ దగ్గరకు జరిపితే చాలు. నల్లగా, మెత్తగా, వాసనతో ఉంటే వాటిని కత్తెరతో తీసేసి కొత్త మట్టిలో నాటండి. వేర్లు మిగలకపోతే కణుపు ఉన్న తీగ ముక్కను మంచినీటి సీసాలో పెడితే కొద్ది వారాల్లోనే మళ్లీ వేర్లు వస్తాయి. ఆకుల చివర్లు ఎండడం ఆ ఆర్‌ఓ నీటి లవణాల పని. ఇకపై రెండు అంగుళాల లోతుకు వేలు పెట్టి, పొడిగా తగిలినప్పుడే నీరు పోయండి. ఈగలకు వేరే మందు అక్కరలేదు, పై మట్టి ఆరితే వాటి సంతానం ఆగిపోతుంది.

కొట్టులో ఇచ్చిన సీసాను విప్పకుండా ఉంచడం మంచి పని. దాని మీద నాలుగు పలకల గుర్తు ఉంటుంది, కింది సగంలోని రంగు చూడండి. ఎరుపు అయితే అతి తీవ్రమైన విషం, ఆ తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు రంగులవి ఇంటి మేడ మీద, అందునా వంటకు కోసుకునే మొక్కల దగ్గర వాడవలసినవి కావు. మొక్కంతా వ్యాపించే రకం మందును కరివేపాకుకు కొడితే అది ఆకు లోపలికే చేరుతుంది, కడిగినా పోదు. సీసాను తెరవకుండానే కొట్టుకు తిరిగి ఇచ్చేయండి, మోరీలో మాత్రం పోయవద్దు.

మట్టి కడిగిన మూడు వారాల తరువాత కూడా కరివేపాకు చిగురు పాలిపోయే వస్తుంటే మళ్లీ రాయండి. అప్పుడు మొక్క మొత్తం ఫొటో ఒక్కటే కాకుండా, కొత్త ఆకు పైభాగం, దాని అడుగు భాగం, కుండీ పైమట్టి, అడుగు రంధ్రం విడివిడిగా తీసి పంపండి. మీ బోరు నీటి టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల కొలత, ఎంతో ఆర్‌ఓ యంత్రం మరమ్మతు చేసే మనిషిని అడిగితే అక్కడికక్కడే కొలిచి చెబుతాడు, ఆ అంకెతో పాటు యంత్రం వదిలే నీటి అంకెను కూడా రాయడం మరచిపోవద్దు.